నాలుక మీద గరిటెలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల సందున దొరికిన పిల్లిపిల్లను పక్కింటి అమ్మాయి ఒడిలో పెట్టుకుని వచ్చింది. "సార్, దీనికి ఏ షాంపూ వాడాలి?" అని అడుగుతుండగానే అది ఆమె వేలు నాకింది. గరుకు కాగితంతో రుద్దినట్టుందని చెయ్యి లాక్కుంది. జవాబు ఆ గరుకులోనే ఉంది.

పిల్లి నాలుక మీద సుమారు 300 ముళ్లుంటాయి. మన గోళ్లలోని కెరాటిన్‌తోనే తయారైన ఆ ముళ్లన్నీ గొంతు వైపే వంగి ఉంటాయి. 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు నోయెల్, హు స్కాన్ చేసి చూస్తే ముల్లు కొన గరిటెలా తొలిచి ఉంది! సిరాపెన్ను పాళీ చీలికలోకి సిరా పాకినట్టు, తలతన్యత వల్ల ఉమ్మి దానంతటదే ఆ గరిటెలోకి ఎక్కుతుంది, బొచ్చు తగలగానే దిగి దాన్ని శుభ్రం చేస్తుంది. చర్మం దాకా చేరిన ఉమ్మి ఆవిరవుతుంటే ఒంటి వేడి తగ్గుతుంది. వరంగల్ మే నెలలో అది చిన్న సంగతి కాదు. పులికీ సింహానికీ ఇవే గరిటెలు. పర్షియన్ పిల్లి బొచ్చు మాత్రం వీటికి లొంగదు, దాన్ని మనమే దువ్వాలి.

ముళ్లు లోపలికి వంగి ఉన్నందున నాకినదాన్ని ఉమ్మేయడం కష్టం. ఒంటి మీద ఏది ఉంటే అది కడుపులోకే. వెంట్రుకలు ఉండకట్టి వాంతిలో వస్తాయి. బొచ్చులో ఉండి రక్తం తాగే, గెంతే ఫ్లీ పురుగును మింగితే అందులో దాగిన బద్దెపురుగు పిల్ల కూడా కడుపులోకి పోతుంది. కొన్ని వారాలకు తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తాయి.

పేలదువ్వెనతో దువ్వించి, రాలిన నల్ల నలుసులను తడి తెల్లకాగితం మీద వేయించాను. కాసేపటికి చుట్టూ ఎర్రటి మరకలు. మన ఎర్రమట్టి అయితే మొదటి నుంచే ఎర్రగా ఉండేది. ఇది ఫ్లీ తాగి విసర్జించిన రక్తం. పశువైద్యుడి దగ్గర బరువు తూచి మందు వేయించమన్నాను.

వాళ్ల నానమ్మ కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయమందట. వద్దన్నాను, అదీ నాకి మింగేస్తుంది. మన కాలేయం కర్పూరం లాంటి కొన్ని రసాయనాలకు గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి బయటికి పంపేస్తుంది. ఆ పనికి కావలసిన ఒక ఎంజైము జన్యువు పిల్లిలో చెడిపోయి ఉంది. అందుకే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, దాని ప్రాణం తీయడానికి. కాళ్లకంటిన ఫినాయిల్ నాకినా ప్రమాదమే. కుక్కల ఒంటి మీది ఫ్లీలకు వాడే పెర్మెత్రిన్ మందూ అంతే.

షాంపూ కొనలేదు. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునే ఆ నానమ్మకు ఇప్పుడు రోజూ గుమ్మంలోనే ఎదురవుతోంది. పైగా ఆ పేలదువ్వెన ఆమెదేనట.