సెలవుల్లో పుస్తకాలు: స్టాఫ్ రూమ్ అపోహలు, బీరువా చెప్పిన వాస్తవాలు

హైస్కూల్లో తెలుగు చెబుతాను. లైబ్రరీ బాధ్యత కూడా నాదే. లైబ్రరీ అంటే పెద్దగా ఊహించుకోకండి, స్టాఫ్ రూమ్ మూలనున్న రెండు ఇనప బీరువాలు. ఏటా ఏప్రిల్ మూడో వారంలో, ఆరు నుంచి పది దాకా పిల్లలకు సెలవుల్లో ఏం చదవమని చెప్పాలి, ఎంత ఆశించాలి అని మాలో మాకు చర్చ మొదలవుతుంది. అప్పుడు వినిపించే మాటల్లో సగం అపోహలే. కొన్ని నేనూ చాలాకాలం నమ్మాను.

అపోహ: "ఇస్తే తిరిగి రావు. ఆడిట్‌లో ఎవరు జవాబు చెబుతారు?"

కొన్ని రావు, నిజమే. మొదటిసారి ధైర్యం చేసి 61 పుస్తకాలు ఇచ్చాను, 57 వచ్చాయి. వచ్చినవాటిలో ఒకదాని అట్ట మేక నమిలేసింది. కానీ పుస్తకం పోవడం నేరమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) చూడండి. ఏడాదిలో వాడకానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని అందులో ఉంది, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. అవి కేంద్ర కార్యాలయాలకు రాసుకున్న నిబంధనలు, మన బడులకు నేరుగా వర్తించవు. పైగా ఆ లెక్కన నేను ఫెయిలే. అయినా మా హెడ్మాస్టరు గారికి అది చూపించాక ఆయన టెన్షన్ కొంత తగ్గింది. తాళం వేసిన బీరువాలో ఒక్క పుస్తకమూ పోదు, ఒక్క పేజీ కూడా తిరగదు.

అపోహ: "క్లాసంతటికీ ఒకే పుస్తకం చెబితే గొడవ ఉండదు."

మనకు ఉండదు. పిల్లలకే ఉంటుంది. 2022 అసర్ నివేదిక (పల్లె పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో చూసే సర్వే) ప్రకారం గ్రామీణ భారతంలో 8వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 69.6 శాతమే. అంటే ఎనిమిదో తరగతి గదిలో ఒకమ్మాయి లావుపాటి నవల అడుగుతుంటే, పక్క బెంచీ కుర్రాడు ఒత్తులు కూడబలుక్కుంటూ ఉండొచ్చు. ఇద్దరి చేతిలో ఒకే పుస్తకం పెడితే ఆ పిల్లకు విసుగు, వాడికి అవమానం. నేనిప్పుడు పుస్తకాలన్నీ బల్లల మీద పరిచి, ఒక పీరియడంతా వదిలేస్తాను. రెండు పేజీలు చదివి చూసి, నచ్చితేనే రిజిస్టర్‌లో పేరు రాయించుకోవాలి. పెద్ద పిల్లలు చిన్న కథల పుస్తకం తీసుకోవడానికి సిగ్గుపడతారు. "తమ్ముడికి చదివి వినిపించు" అంటే చాలు, ఆ సిగ్గు పోతుంది. తమ్ముడు లేనివాళ్లు కూడా తీసుకెళ్తారు!

అపోహ: "సమీక్ష రాస్తేనే చదివినట్టు."

ఇది నా సొంత అపోహ. ఫార్మేటివ్‌లో (బడిలోనే మార్కులు వేసే అంతర్గత పరీక్షల్లో) పుస్తకం చదివి స్పందన రాయడానికి మార్కులు ఉంటాయి కదా, సెలవుల్లోనే రాయించేస్తే జూన్‌లో పని తప్పుతుందని అనుకున్నాను. బడి తెరిచాక నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. వరసగా తొమ్మిది మంది "ఈ పుస్తకం నాకు చాలా నచ్చినది, ఇందులో మంచి నీతి కలదు" అని రాశారు. "కలదు" అనే మాట మా ఊళ్లో ఏ పిల్లాడి నోటా రాదు. ఒకరు రాశారు, ఎనిమిది మంది దించారు. రచయిత పేరు దగ్గర అక్షరదోషం కూడా తొమ్మిదింటిలోనూ ఒకటే.

మరుసటి ఏడాది రాయించడం మానేశాను. ఒక్కొక్కరినీ పిలిచి "ఎక్కడ ఆపేశావురా?" అని మాత్రం అడిగాను. చదివావా అంటే అందరూ అవుననే అంటారు. ఎక్కడ ఆపావంటే నిజం బయటికొస్తుంది. "మొదట్లోనే ఆపేశాను సార్, పేర్లు గుర్తుండట్లేదు" అన్నాడొకడు. ఏడో తరగతి అమ్మాయి చివరి కథ కావాలనే చదవలేదట. చదివితే అయిపోతుంది కదా అంది. ఆ పిల్లకు ఎన్ని మార్కులు వేయాలో ఏ రూబ్రిక్‌లోనూ లేదు.

అపోహ: "పదో తరగతికి వెళ్లేవాళ్లకు కథలెందుకు?"

తెలుగు పరీక్షలో అవగాహన-ప్రతిస్పందన భాగం ఉంది. అందులో పిల్లలు ఎన్నడూ చూడని గద్యం ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఏ గైడులోనూ దొరకని పేరా అది. దానికి బట్టీ పనికిరాదు, తెలియని పేజీని చూసి బెదరని అలవాటు కావాలి. సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా అనుకుంటే 49 రోజులు. రోజుకు ఇరవై నిమిషాలు చదివినా మొత్తం పదహారు గంటలు. మిగతా టైమంతా లెక్కలకే ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: "బొమ్మల కథలు, పేపర్లో క్రికెట్ పేజీ చదువు కిందికి రావు."

వస్తాయి. ముందుకెళ్దాం.

అపోహ: "ఫోన్ ఇస్తే చదవరు."

ఫోన్ ఇచ్చి మనం వెళ్లిపోతే చదవరు, అది ఒప్పుకుంటాను. కానీ పుస్తకం లేని ఇంట్లో కూడా ఫోన్ ఉంటోంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. హైస్కూలు పిల్లలకు మూడు, నాలుగు స్థాయిలు సరిపోతాయి. వాట్సాప్ గ్రూపులో వారానికి ఒక లింకు పెడితే చాలు. రోజూ పెడితే తల్లిదండ్రులు గ్రూపును మ్యూట్ చేసేస్తారు, అదీ అనుభవమే.

అపోహ: "ఊళ్లో లైబ్రరీ పిల్లలకు కాదు, పోటీ పరీక్షలవాళ్లకు."

ఇంటి పన్నుతో పాటు, ఆ పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్ కడుతున్నది మనమే. శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు కూడా ఉంటాయి, అడిగితే లోపలి నుంచి తీసిస్తారు. కొన్నిచోట్ల వేసవి శిబిరాలూ పెడుతున్నారు. మొదటిసారి మాత్రం పెద్దవాళ్లెవరైనా వెంట వెళ్లి, డిపాజిట్ కట్టి, పిల్లల పేరు మీద కార్డు తీసుకోండి. శుక్రవారం సెలవు, ఆ రోజు ఎండలో పడి వెళ్లకండి.