దేవుళ్లు ఒకటా, చుట్టాలా? ఒడిశా సరిహద్దు జిల్లాల పాత కథ

పార్వతీపురం నుంచి రాయగడ వెళ్లే రైల్లో కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారిని ఎక్కడికని అడిగితే 'మజ్జిగౌరమ్మ దగ్గరికి' అంటారు. ఒడియావారికి ఆ తల్లి మాఝిఘరియాణి. మాఝి ఘర అంటే నడిమిల్లు. నడిమింట కొలువైన తల్లి అన్నమాట. ఆ 'ఘరియాణి'లో తెలుగు చెవికి గౌరి వినిపించి ఉంటుంది. గౌరి అయ్యాక పార్వతి కాక తప్పదు, పార్వతి అయ్యాక శివుడికి ఇల్లాలు కాక తప్పదు. ఇందుకోసం పండితులెవరూ సభ తీర్చలేదు. పేరు నోట్లో కాస్త మెత్తబడింది, అంతే. కొండసీమ తల్లికి కైలాసంతో వియ్యం కుదిరింది.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారి మధ్య 'అన్ని మతాల దేవుళ్లూ ఒకటే కదా' అన్న మాట తరచు వినిపిస్తుంది. కొందరు గొడవ సర్దడానికి ఆ మాట అంటారు. కొందరు అనగానే గొడవ మొదలవుతుంది. ఇక్కడ ఇది కాలక్షేపం కబురు కాదు. 2011 జనగణన ప్రకారం గజపతి జిల్లాలో నూటికి సుమారు 38 మంది క్రైస్తవులు. ఒడిశాలో మరే జిల్లాలోనూ ఈ వాటా ఇంత లేదు. తెలుగు, ఒడియా, సవర, కుయి భాషలు ఒకే సంతలో కలిసే చోట 'ఒకటే' అనడానికీ, 'చుట్టాలు' అనడానికీ చాలా తేడా ఉంది. నాకు తెలిసినంతలో ఈ నేల మీద చుట్టరికమే పాతది. ఒకటే అన్న మాట తరవాత పైనుంచి దిగింది, దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరి అవసరాన్ని వెంటబెట్టుకునే దిగింది.

మొదట ఆ అవసరం రాజులది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమని చరిత్రకారులు గుర్తించారు. వారి ఇలవేల్పు మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు. ఆ కొండ ఇప్పుడు గజపతి జిల్లాలో ఉంది. తొలి గాంగులు తమను పరమ మాహేశ్వరులమని, అంటే గొప్ప శివభక్తులమని చెప్పుకున్నారు. 1078లో పట్టం కట్టుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్తరాన గంగానది దాకా రాజ్యం పెంచి, పూరీలో పురుషోత్తముడికి, అంటే జగన్నాథుడికి, పెద్ద గుడి తలపెట్టాడు. పదమూడో శతాబ్దపు తొలి సగంలో మూడో అనంగభీముడు ఇంకో అడుగు వేశాడు. రాజ్యం జగన్నాథుడిది, తాను ఆయన ప్రతినిధిని మాత్రమేనన్నాడు. శాసనాల్లో అతడు పురుషోత్తమ పుత్రుడు, రుద్ర పుత్రుడు, దుర్గా పుత్రుడు కూడా. అతని కొడుకు మొదటి నరసింహదేవుడు కోణార్కలో సూర్యుడికి గుడి కట్టించాడు. అక్కడి శిల్పాల్లో రాజు శివలింగానికీ జగన్నాథుడికీ మహిషమర్దినికీ కలిపి మొక్కుతూ కనిపిస్తాడు.

దీన్ని అద్వైతమనుకునేవారు అనుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో రాజ్యం నడిపే తెలివే ఎక్కువ కనిపిస్తుంది. దక్షిణాన శైవులు, తీరాన వైష్ణవులు, కొండల్లో అమ్మతల్లులను కొలిచేవారు. అందరి దగ్గరా పన్ను రావాలి. అదే శతాబ్దంలో ఇటు నెల్లూరులో తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితం ఇచ్చాడు. హరి, హరుడు ఒకటేనని అంత గట్టిగా చెప్పవలసి వచ్చిందంటే, కాదనేవారి గొంతు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

రాజుల కంటే ముందు సవరలున్నారు. ముఖలింగంలో మధుకేశ్వరుడి స్థలపురాణం ఇప్పచెట్టు దగ్గర మొదలవుతుంది. మధుకమంటే ఇప్పే. శివుడు మొదట కనిపించింది ఆ చెట్టులోనే, చూసింది సవరలే. పూరీ కథలోనూ అంతే. అడవిలో నీలమాధవుణ్ణి రహస్యంగా కొలుచుకుంటున్నవాడు సవర నాయకుడు విశ్వావసువు. ఇంద్రద్యుమ్న మహారాజు పంపిన విద్యాపతి అనే బ్రాహ్మణుడు అతని కూతురు లలితను పెళ్లాడతాడు. దేవుణ్ణి చూపించమని మామను బతిమాలుతాడు. కళ్లకు గంతలు కట్టి తీసుకెళతానంటే సరేనని, దారి పొడుగునా ఆవాలు చల్లుకుంటూ పోతాడు. వానలకు ఆవాలు మొలకెత్తి దారి చూపిస్తాయి. రాజు వచ్చేసరికి నీలమాధవుడు మాయమవుతాడు, తరవాత కొయ్యదుంగగా సముద్రంలో కొట్టుకొస్తాడు. ఆ కొయ్యే జగన్నాథుడైంది.

ఆ లలిత సంతతి తామేనని పూరీ గుడి సేవకులైన దైతాపతులు ఈనాటికీ చెప్పుకుంటారు. స్నానపూర్ణిమ తరవాత దేవుడికి జ్వరం వచ్చిన రోజుల్లో సేవ వారిదే. కొయ్య విగ్రహాలు మార్చే నవకళేబరంలోనూ (ఇటీవలిది 2015లో జరిగింది) పెద్ద బాధ్యత వారిదే. దేవుణ్ణి తమ ఇంటి పెద్దగా భావించి మైల పాటించేదీ వారే. పూజ పుచ్చుకున్న బ్రాహ్మణులు కూడా సవరల బంధుత్వాన్ని కాదనలేకపోయారు. అల్లుడి వరస కలిపి దేవుణ్ణి ఎత్తుకొచ్చిన కథే కావచ్చు, కానీ మామగారి పేరు చెరిపెయ్యలేదు. ఇది విలీనం కాదు, వియ్యం. వియ్యంలో ఇచ్చినవాడికి ఎప్పుడూ కొంత కడుపు మంట ఉంటుంది, అది వేరే సంగతి.

ఆ తరవాత జగన్నాథుడు ఎవరికి కావలసిన రూపంలో వారికి కనిపించాడు. వైష్ణవులకు కృష్ణుడు. శాక్తేయులకు అదే ప్రాకారంలో ఉన్న విమలాదేవికి భైరవుడు. స్నానపూర్ణిమ నాడు గజానన వేషం వేసుకుని గాణపత్యులకు వినాయకుడు. తొమ్మిదో అవతారంగా బుద్ధుడి చోట ఆయన్ని నిలిపినవారూ ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో మొగలు అధికారి కొడుకు సాలబేగ ఆయన మీద కట్టిన భజనలు ఒడిశా అంతటా పాడతారు. రథయాత్రలో రథం అతని సమాధి దగ్గర కాసేపు ఆగుతుంది. పూరీ గుడిలోకి మాత్రం హిందువులు కానివారికి నేటికీ ప్రవేశం లేదు. రథం ఆగుతుంది, తలుపు తెరుచుకోదు; సరిహద్దు మనిషికి ఈ రెండూ ఒకే ఊళ్లో జరగడం వింతగా అనిపించదు.

గ్రంథాల సంగతికి వస్తే, అందరూ ఉదహరించే 'ఏకం సత్' (ఉన్నది ఒక్కటే) ఋగ్వేదం మొదటి మండలంలోది. ఆ మంత్రంలో పేర్లు ఇంద్రుడు, మిత్రుడు, వరుణుడు, అగ్ని. అన్నీ ఒకే యాగశాలలోవి. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు, ఇతర దేవతలను కొలిచేవారు కూడా నన్నే కొలుస్తున్నారంటాడు. ఆ వెంటనే 'అవిధిపూర్వకం' అని ఒక ముల్లు గుచ్చుతాడు: పద్ధతి తెలియకుండా. అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయంలో పౌలు ఏథెన్సు వారితో అన్నది దాదాపు ఇదే. మీరు తెలియక కొలుస్తున్న దేవుడి గురించే నేను చెబుతున్నానంటాడు. ఖురాను 29వ సూరా యూదులతో, క్రైస్తవులతో మా దేవుడూ మీ దేవుడూ ఒక్కడేనని చెప్పమంటుంది; ఆయనకు మరొకరిని సాటి చెయ్యడాన్ని మాత్రం ఖురాను ఒప్పుకోదు. ముగ్గురూ ఒకటేనన్నారు. ఎవరి లెక్క ప్రకారం ఒకటి అన్నదగ్గరే పేచీ.

నదులన్నీ సముద్రంలో కలిసినట్టు దారులన్నీ నీ దగ్గరికేనన్న శివమహిమ్న స్తోత్రంలోని శ్లోకాన్ని వివేకానందుడు 1893లో షికాగోలో వినిపించాడు. ఆ శ్లోకంలో లెక్కపెట్టిన దారులు వేదం, సాంఖ్యం, యోగం, పాశుపతం, వైష్ణవం. షికాగోలో ఆ నదుల పట్టికలో ప్రపంచ మతాలన్నీ చేరాయి. మనం పుట్టినప్పటినుంచీ వింటున్న 'అన్నీ ఒకటే'కు ఇప్పటి అర్థం అక్కడినుంచే చాలావరకు వచ్చింది. మంచి మాటే. కానీ అందరూ అనుకున్నంత పాతది కాదు.

ఒక్కడే అన్న మాటను ఒడిశాలో అందరికంటే కటువుగా అన్నవారు మహిమా ధర్మం అనే మతశాఖ వారు. వారి దేవుడు అలేఖుడికి రూపం లేదు, గుడి లేదు. ఆ మత మహాకవి భీమభోయి కంధ గిరిజన కుటుంబం నుంచి వచ్చినవాడు. 1881లో ఆ మతస్థుల చిన్న గుంపు జగన్నాథ విగ్రహాలను కాల్చాలని పూరీ గుడిలో చొరబడింది. దేవుడు ఒక్కడేనన్నంత మాత్రాన శాంతి రాదని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక సవరల కొండల్లో జరిగింది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. సవరల పాత నమ్మకంలో కిట్టుంగ్ సృష్టికర్త. ఆయన్ని గౌరవిస్తారు, కానీ రోజువారీ వ్యవహారమంతా సోనుమ్‌లతో. సోనుమ్‌లంటే ఆత్మలు, చనిపోయినవారు కూడా అందులోకే వస్తారు. కురాన్ అనే పూజారి పూనకంలో ఉండగా చనిపోయినవారు అతని నోట మాట్లాడతారు, బతికున్నవారు వారితో తగువులాడతారు, ఏడుస్తారు, బాకీలు తేల్చుకుంటారు. గోడల మీద గీసే ఇడితాల్ బొమ్మలు ఆ సోనుమ్‌లకు కట్టిచ్చిన ఇళ్లు. ఇరవయ్యో శతాబ్దంలో పర్లాకిమిడి వైపు నుంచి కొండెక్కిన కెనడా బాప్టిస్టు మిషనరీలు దేవుడన్న మాటకు కిట్టుంగ్ పేరునే తీసుకున్నారు. అంటే పేరు మారలేదు. దేవుడు ఒకటే అన్నది ఇక్కడ అక్షరాలా నిజమైంది. పోయింది సోనుమ్‌లు. చనిపోయిన తల్లితో మాట్లాడే దారి మూసుకుపోయింది.

ఆ మిషనరీల కంటే ముందే సవర నేర్చుకున్న తెలుగువాడు పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తి. మనం ఆయన్ని వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం, ఆగస్టు 29న దండ వేస్తాం. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన బళ్లు పెట్టించాడు, తెలుగు లిపిలో పుస్తకాలు రాశాడు, 1931లో సవర భాషకు వ్యాకరణం వెలువరించాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోతే, ఆయన మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వచ్చేశాడు. అదే ఏడాది, గుణుపురం వైపు మంగై గొమాంగో అనే సవర పండితుడు సొరంగ్ సొంపెంగ్ లిపిని వెలికితెచ్చాడు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత పేరు. ఆ అక్షరాలనే పూజిస్తారు, అందులో జగన్నాథుడికీ చోటుంది. ఎత్తుకుపోయిన దేవుణ్ణి లిపి దారిన వెనక్కి తెచ్చుకున్నారని నాకు అనిపిస్తుంది. అలా సవర భాష క్రైస్తవుల చేతిలో రోమను లిపిలోకి, గిడుగు చేతిలో తెలుగులోకి, అక్షర పూజారుల చేతిలో తమ సొంత లిపిలోకి వెళ్లింది. పుస్తకం తెరిస్తే లిపిని బట్టే చాలావరకు మతం చెప్పెయ్యొచ్చు.

1967లో ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం చేసింది. బలవంతపు మతమార్పిడిని నిషేధిస్తూ స్వతంత్ర భారతంలో ఒక రాష్ట్రం చేసిన తొలి చట్టం ఇదే. 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దేవుళ్లు ఒకటే అయితే ఒకరి నుంచి మరొకరి దగ్గరికి వెళ్లడానికి మేజిస్ట్రేటుకు ఎందుకు చెప్పాలని పర్లాకిమిడిలో ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఎగతాళిగా అడిగారో, నిజంగా అడిగారో నాకు అర్థం కాలేదు.

బరంపురంలో మాత్రం ఎవరూ అలా అడగరు. రెండేళ్లకోసారి చైత్రమాసంలో బూఢీ ఠాకురాణి గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు తెలుగు నేతవారి కులపెద్ద దేశిబెహరా ఇల్లు. ఊరంతా ఒడియా తల్లి అనుకునే దేవతకు తండ్రి తెలుగువాడు. యాత్ర ముగిసే రాత్రి ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టే కళ్లనీళ్లతో సాగనంపుతారు. ఆమె దుర్గా, గంగమ్మా, మరొకరా అన్న చర్చ నేను అక్కడ ఎప్పుడూ వినలేదు.

కొండ మీది సవర ఊళ్లలో ఇప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ములు ఒకరు చర్చికి, ఒకరు కురాన్ పూజారి దగ్గరికి వెళ్లడం ఉంది. ఇద్దరి నోటా కిట్టుంగ్ పేరే. తండ్రి పోయినప్పుడు చర్చికి వెళ్లేవాడు శవాన్ని పూడ్చి శిలువ నాటమంటాడు. రెండోవాడు దహనం చేసి, గుఆర్ అనే కర్మ నాటికి దున్నపోతును కోసి, రాయి పాతమంటాడు.