కుళాయి నీళ్లకు బూజు వాసన పట్టించేదెవరు?

"మాది బోరు కాదండీ, మున్సిపాలిటీ నీళ్లే. క్లోరిన్ కూడా కలుపుతారు. అయినా పొద్దున్నే కుళాయి తిప్పితే బూజు వాసన వస్తుందేం?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కారణాలు చాలానే ఉన్నాయి. చెరువులో పెరిగే నాచు, స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే మట్టివాసన రసాయనం వగైరా. నాకు మాత్రం ఫంగస్, అంటే బూజు, చేసే గారడీ మీదే మోజు.

కుళ్లిన ఆకుల నుంచో, పైపుల పూత నుంచో నీళ్లలోకి ఫినాల్ అనే రసాయనం కాస్త చేరుతుంది. క్లోరిన్ దాన్ని ట్రైక్లోరోఫినాల్‌గా మారుస్తుంది. అది ఫంగస్‌కు విషం. పైపు లోపలి జిగట పొరలో కాపురముండే ఫంగస్ ఆ విషం కోర ఎక్కడుందో చూసి, అంటే ఆక్సిజన్ పక్కనున్న హైడ్రోజన్‌ను తీసేసి, ఆ చోట మిథైల్ అనే చిన్న కర్బన గుంపును తగిలిస్తుంది. పొడిచే ఎద్దు కొమ్ముకు కుప్పె తొడగడమే ఇది. కొమ్ము ఉంటుంది, పొడవదు. కానీ ఈ కుప్పెకు గజ్జె కూడా కట్టి ఉంది, ఎద్దు ఎటు కదిలినా ఊరంతా వినిపిస్తుంది!

ఎలాగంటే, ట్రైక్లోరోఫినాల్ మామూలు నీళ్లలో చాలావరకు అయానుగా, అంటే విద్యుదావేశమున్న కణంగా మారి నీటినే అంటిపెట్టుకుంటుంది. మిథైల్ తగిలాక పుట్టే ట్రైక్లోరోఅనిసోల్ అయాను కాలేదు, గాలిలోకి తేలిపోయి ముక్కును చేరుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు, పసిగట్టేస్తాం. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. కార్కు బిరడా వల్ల ఖరీదైన వైన్ పాడైందని విదేశాల్లో పారబోసేదీ దీని వల్లే. మన పాఠాల్లో బూజంటే రొట్టె ముక్క దగ్గరే ఆగిపోతుంది, ఈ రసాయనం ఎవరూ చెప్పరు.

క్లోరిన్‌కు ఇ.కోలై బ్యాక్టీరియా త్వరగా చస్తుంది. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ సిద్ధబీజాలకు (స్పోర్లకు) మందపాటి గోడ, అందులో మెలనిన్ రంగు. అవి మొండివి. అందుకే కోలిఫాం (ఇ.కోలై వర్గపు బ్యాక్టీరియా) పరీక్షలో నెగ్గిన నీళ్లలో కూడా ఫంగస్ ఉండొచ్చు. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 సూక్ష్మజీవుల విషయంలో ముఖ్యంగా కోలిఫాంనే చూస్తుంది. ప్యాకేజ్డ్ నీళ్ల ప్రమాణం ఐ.ఎస్. 14543 మాత్రం 250 మిల్లీలీటర్లలో ఈస్టు, బూజు ఉండకూడదంటుంది. సీసాకు ఒక న్యాయం, కుళాయికి ఒక న్యాయం!

ఫంగస్ అనగానే 2021 నాటి బ్లాక్ ఫంగస్ గుర్తొచ్చి టెన్షన్ పడకండి. అప్పుడు దానికి దారి వేసినవి ముఖ్యంగా అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్లు. ఆరోగ్యవంతులు ఈ నీళ్లు తాగితే సాధారణంగా ఏమీ కాదు. భయపడాల్సింది గొంతు దారికి కాదు, ఊపిరి దారికి. షవర్ తుంపర్లతో లేచే రెండు మూడు మైక్రాన్ల సిద్ధబీజాలు ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరతాయి. మనకైతే తెల్లకణాలు వాటిని ఊడ్చేస్తాయి. కీమోథెరపీతో ఆ కణాలు పడిపోయినవాళ్లకు, ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్లకు అది ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో ఆర్కాన్సా వైద్యులు ఇలాంటి రోగుల స్నానాల గదులు శుభ్రంగా కడిగించి చూస్తే, అక్కడి గాలిలో ఆస్పర్‌జిల్లస్ తగ్గింది. ఇంట్లో అలాంటి రోగి ఉంటే షవర్ వాడొచ్చా లేదా అని డాక్టరును అడగండి. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి తీయించడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.