మండువా లోగిళ్ళు: అపోహలు – వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళ మరమ్మతులు చూసే ఆర్కిటెక్టుని నేను. నడుమ కప్పు లేని ఖాళీ చోటు (అదే మండువా), దాని చుట్టూ గదులు ఉన్న పాతకాలపు ఇళ్ళే మండువా లోగిళ్ళు. ఎవరింటికి వెళ్ళినా కొలతల టేపు బయటికి తీసేలోపే ఆ ఇంటి గురించి నాలుగు కథలు వినిపిస్తాయి. వినడం నాకు ఇష్టమే. కానీ వాటిలో కొన్నిటిని నమ్మి చేసిన పనుల వల్లే చక్కటి లోగిళ్ళు పాడైపోతున్నాయి. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: మా మండువా ఇల్లు మూడు వందల ఏళ్ళ నాటిది.

డెల్టాలో ఇవాళ నిలిచి ఉన్న పెద్ద లోగిళ్ళలో నేను చూసినవి చాలావరకు ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కట్టినవే. 1832-33 కరువు, 1839 తుఫాను ఈ ప్రాంతాన్ని కుంగదీశాయి. 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవల కింద వరి పండి రైతు చేతిలో డబ్బు ఆడాకే టేకు స్తంభాలూ, చెక్కడపు ద్వారబంధాలూ ఊరూరా లేచాయి. ఏజెన్సీ అడవుల కలప తెప్పలు కట్టుకుని గోదారి మీదే దిగేది. రంగూన్ టేకు ఓడల్లో వచ్చేది.

వయసు తెలుసుకోవాలంటే ముందు కప్పు చూడండి. మంగుళూరు పెంకు అడుగున తయారుచేసిన ఫ్యాక్టరీ అచ్చు ఉంటుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు మంగుళూరులో ఆ ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. కాబట్టి ఆ పెంకు అంతకంటే పాతది కాదు. అయితే పెంకు వయసే ఇంటి వయసు అనుకోవద్దు. గూనపెంకులు తీసేసి తర్వాత ఇవి వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. రెండోది, దస్తావేజులు. పాత సర్వే రికార్డుల్లో గ్రామకంఠం (ఊళ్ళో ఇళ్ళున్న స్థలం) అంతా ఒకే నంబరు కింద ఉంటుంది, ఇల్లిల్లుకీ వివరం దొరకదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత అమ్మకం, పంపకం దస్తావేజుల నకళ్ళు అడగండి. "తూర్పు సావిడి, మండువాలో సగం" అంటూ హద్దులు రాసిన పంపకం కాగితం ఒక్కటి దొరికితే, ఆ ఇంట్లో ఎవరు ఏ గదిలో బతికారో కూడా తెలిసిపోతుంది.

అపోహ: ఇంత పెద్ద ఇల్లంటే జమీందారుదే.

కాదు. రైతులు, కరణాలు, వర్తకులు, ప్లీడర్లు కట్టుకున్నవే ఎక్కువ. పెద్దదిగా కట్టింది గొప్ప చూపించడానికి మాత్రమే కాదు. మూడు తరాల ఉమ్మడి కుటుంబం, ఏడాదికి సరిపడా ధాన్యం, వచ్చేపోయే చుట్టాలు అన్నీ ఒక కప్పు కిందే ఇమడాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. వీధి అరుగు దాకా ఎవరు రావచ్చు, మండువా దాకా ఎవరు రావచ్చు, ఎవరు పెరటి దారినే రావాలి అన్నదంతా కులాన్ని బట్టీ, ఆడా మగా తేడాను బట్టీ ఆ కట్టడంలోనే ఖరారైపోయింది. ఇంటి చరిత్ర అంటే యజమానుల ఫొటోలు మాత్రమే కాదు. ఆ కుప్పలు నూర్చినవాళ్ళు, వెనక గదిలో జీవితమంతా గడిపేసిన వితంతువులు కూడా ఆ ఇంటి మనుషులే. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూడండి. 1881 డిసెంబరు 11న తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ ఇంట్లోనే. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. ఆ ఇంటికి విలువ అక్కడ జరిగిన పని వల్ల వచ్చింది, గదుల లెక్క వల్ల కాదు.

అపోహ: ఈ ఇంటి కింద గోదారి దాకా సొరంగం ఉంది.

డెల్టాలో వానాకాలం ఓ నిలువు తవ్వకముందే నీరు పడే ఊళ్ళు ఎన్నో. అలాంటి నేలలో సొరంగం ఎలా నిలుస్తుంది? ధాన్యం కూడా భూమిలో పాతర వెయ్యకుండా గాదెల్లో, పురుల్లో పైన దాచుకున్నది అందుకే. సొరంగం అని నాకు చూపించేది సాధారణంగా మండువాలో పడ్డ వాననీటిని బయటికి పంపే ఇటుక తూమే. నిధి ఉందని గోడ పక్కన తవ్వించేవాళ్ళకి ఒక్కటే చెప్తాను: ఈ బంకమట్టిలో పునాది పక్కన గొయ్యి తీస్తే గోడ పగలడం ఖాయం.

అపోహ: కోడిగుడ్లు కలిపారు కాబట్టే గోడలు అంత గట్టి.

గుడ్డు తెల్లసొన పైపూతలో, నునుపు కోసం వాడే పద్ధతి ఉంది. గట్టిదనం మాత్రం సున్నానిది. గానుగ ఆడిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మెల్లగా రాయిలా మారుతుంది. కరక్కాయ, బెల్లం నీళ్ళు దానికి తోడు. అయినా పల్లెల్లో చాలా ఇళ్ళకి సున్నం పైన మాత్రమే ఉంటుంది, లోపల ఇటుకల మధ్య ఉన్నది అడుసే. గోడ మందం చూసి మోసపోవద్దు.

అపోహ: పాత గోడకి సిమెంటు పూస్తే బలం వస్తుంది.

నేను చూసిన నష్టాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. మన నేలలో తేమ ఎప్పుడూ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఉన్నంతకాలం ఆ తేమ బయటికి ఆరిపోతుంది. సిమెంటు వేస్తే దారి మూసుకుపోయి తేమ ఇంకా పైకి పాకుతుంది. అది మోసుకొచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని పెచ్చులూడుతుంది. చివరికి గోడలో ఆనించిన దూలం కొసలు కుళ్ళుతాయి. "మొన్ననే సిమెంటు చేయించాం, మళ్ళీ ఊడిపోయింది" అని అడిగేవాళ్ళకి జవాబు అదే: మళ్ళీ సిమెంటు కాదు. నడుము ఎత్తు దాకా దాన్ని చెక్కేయించి, ఒక వేసవి మొత్తం గోడను ఆరనిచ్చి, సున్నంతో పూయించండి. మేస్త్రీ విసుక్కున్నా సరే పట్టుబట్టండి.

దీనికంటే ముందు వీధిలోకి చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసి చాలా ఊళ్ళలో వీధి అరుగు ఎత్తుకి వచ్చేసింది. ఒకప్పుడు వీధిలోకి పోయిన మండువా నీరు ఇప్పుడు ఎదురు తిరుగుతోంది. తూము వాలు పెరటి వైపు బోదెలోకి మళ్ళించడం ఎన్నో ఇళ్ళకి మొదటి మరమ్మతు, ఖర్చు కూడా తక్కువ.

అపోహ: మండువా మీద ఫైబర్ రేకు వేసేస్తే వాన బాధ ఉండదు.

వాన బాధ పోయి ఉక్క బాధ వస్తుంది. గదుల్లో వేడెక్కిన గాలి పైకి పోయేది ఆ నడిమి ఖాళీలోంచే. కోతుల కోసమో, దొంగల భయంతోనో అయితే ఇనుప ఊచలు వేయించండి, చాలు. తప్పదనుకుంటే రేకును చూరు కంటే రెండు మూడు అడుగులు ఎత్తుగా, నాలుగు వైపులా గాలి ఆడేలా నిలబెట్టండి.

అపోహ: టేకుకి చెద పట్టదు.

చేవకి (కర్ర లోపలి గట్టి భాగానికి) పట్టడం అరుదు, చేవ లేని పైపొరకి తేలిగ్గా పడుతుంది. తడిసి కుళ్ళిన చోట ఏ కలపా ఆగదు. ఏటా వానలకి ముందు పెంకులు సర్దించేటప్పుడు, మండువా నాలుగు మూలల్లో నీరు దిగే ఏటవాలు దూలాలను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క వరకే కోసి, కొత్త చేవ కర్ర అతికించే వడ్రంగులు మన దగ్గర ఇంకా ఉన్నారు. దాని కోసం కప్పంతా దించక్కర్లేదు.