ముత్తాతల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

బిడ్డలారా,

మన వంశవృక్షం గీసి పంపమన్నారు. గీయడం ఎంతసేపు, పేర్లు దొరకాలి గదా. మీ ముత్తాత దాకా నేను చెప్తాను. ఆ పైన చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిని ఎట్లా చదవాలో రాస్తున్నా.

ఊళ్లో పట్వారీ లెక్కలు ఉండేవి కదా అంటారేమో. అవి భూమి లెక్కలు. మనవాళ్లు చాలామంది మాల, మాదిగ వాడల నుంచి క్రైస్తవ సంఘంలో చేరినవాళ్లు. సెంటు భూమి లేనివాడి పేరు పట్వారీ ఎందుకు రాస్తాడు? వాడి భార్య పేరు అసలే రాయడు. ఆ ఇద్దరి పేర్లూ పక్కపక్కన సిరాతో రాసి పెట్టింది చర్చి పుస్తకంలోనే. నాకు ఆ పుస్తకాలంటే గౌరవం అందుకే. (డక్కలివాళ్లు మాదిగ కుటుంబాల గోత్రాలు, వంశాలు పాడి చెప్పేవాళ్లు. పాడేవాళ్లు ఇంకా ఎక్కడైనా కనిపిస్తే కూర్చోబెట్టి వినండి, ఫోన్‌లో రికార్డు చేయండి.)

ముందు ఏ మిషన్ చర్చో తేల్చుకోవాలి. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజన్ దొర 1890లో నల్గొండలో పని మొదలుపెట్టాడు. ఆయన మెన్నోనైట్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ), పని చేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు అమెరికా మెన్నోనైట్ బ్రదరన్‌వాళ్లు వచ్చారు. కథోలికులది వేరే దారి. నల్గొండ మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడిందే 1976లో, అంతకుముందు సంగతులకు పాత విచారణల్లో, అంటే పాత చర్చిల్లో అడగాలి.

ఈ తేడా ఎందుకంటే, బాప్టిస్టులు, మెన్నోనైట్లు చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, విశ్వసిస్తున్నానని చెప్పినవాళ్లకే ఇస్తారు. కాబట్టి అక్కడ కనిపించే తారీఖు పుట్టినరోజు కాదు. పక్కన వయసు రాసినా అది ఉజ్జాయింపే. కథోలికులు పసిబిడ్డకే జ్ఞానస్నానం (వాళ్లు బాప్తిస్మాన్ని అట్లా అంటారు) ఇస్తారు. తల్లి, తండ్రి, జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలబడేవాళ్ల) పేర్లు అన్నీ రాస్తారు. ఆ బిడ్డ పెద్దయ్యాక పెళ్లయితే ఆ సంగతి కూడా అదే వరుస పక్కన మార్జిన్‌లో ఎక్కిస్తారు. ఒక్క వరుసలో సగం జీవితం దొరుకుతుంది. పాతవి లాటిన్‌లో ఉంటాయి, భయపడకండి, వచ్చే మాటలు కొన్నే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి.

అసలు చిక్కు పేర్లతో. బాప్తిస్మం తీసుకుంటే పోచయ్య కాస్తా పౌలు అయిపోతాడు. ఊరికి మాత్రం చచ్చేదాకా పోచయ్యే. ఆ ఇద్దరూ ఒక్కడే అని ఎట్లా తెలుస్తుంది? తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు మూడూ కలవాలి. ఒక్కటే కలిస్తే సంబరపడొద్దు, ఊరికి నలుగురు ఎల్లయ్యలుంటారు. తర్వాతి తరానికి కాస్త భూమి వచ్చి ఉంటే 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల రికార్డులో) కూడా చూడండి, పట్టాదారు పేరుతో తండ్రి పేరుంటుంది. నిజాం కాలం కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే అప్పటి సర్కారు లెక్క సంవత్సరాలు, ఉంటాయి. 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరులో మొదలైన సంవత్సరం. అవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలను త్వరగా పట్టుకోవాలి.

ఒక్కరే కూర్చుని చదివితే ఇది తెగే పని కాదు. తమ ఇంటివాళ్ల కోసం వెతికేవాళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నారు, వాళ్లతో కలవండి. మీ ముత్తవ్వ ఇంకొకరి బిడ్డకు జ్ఞాన తల్లిగా నిలబడి ఉంటే ఆమె పేరు మన వరుసలో ఉండదు, వాళ్ల వరుసలో ఉంటుంది. వాళ్లు చూపిస్తేనే మనకు తెలుస్తుంది. శ్రీశైలం రిజర్వాయర్‌లో మునిగిన ఊళ్లవాళ్లు తలో దిక్కుకు పోయారు. అట్లాంటి ఊరిపేరు ఎదురైతే ఆ ఊరోళ్లు ఇప్పుడెక్కడున్నారో ముందు అడగండి. బతుకుదెరువుకు పోయిన పాలమూరు కూలీల ఇండ్లలోనైతే పెళ్లి ఒకచోట, సమాధి ఇంకోచోట ఉంటుంది. మీకు దొరికింది కూడా వాళ్లకు చెప్పండి, దాచుకోవద్దు. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం వాళ్లను అడగకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

ఎండాకాలం సెలవుల్లో రండి. మీ అమ్మమ్మ వైపు ఇంటిపేర్లు, ఊళ్లు అడిగి రాసుకుని రండి. పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను వద్దు. ఆ పుస్తకం మీద సిరా మరక పడితే పాస్టర్ గారు మళ్లీ బీరువా తాళం తీయరు.

మీ తాత
నల్గొండ