ప్యానెల్ వెనుక చీటీ: గ్వాల్ పహాడీ కొలతలు, ఉద్దానం ఉప్పుగాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఏ ఊళ్లోనైనా డాబా ఎక్కి, రెండు మూడేళ్ల క్రితం బిగించిన సోలార్ ప్యానెల్‌ను కింది నుంచి పరిశీలిస్తే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. అల్యూమినియం ఫ్రేము కింది అంచున, వాననీరు నిలిచే చోట, తెల్లని పొడి పేరుకుని ఉంటుంది. స్టాండు బోల్టుల చుట్టూ తుప్పు, ఎర్త్ వైరు ముడి దగ్గర పచ్చని చిలుము పట్టి ఉంటాయి. వెనుకవైపు అంటించిన చీటీ మాత్రం చెక్కుచెదరదు. దాని మీద వాట్లు, వోల్టులు, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారన్న వివరం ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల యూనిట్‌కు 78,000 రూపాయల రాయితీ ఇస్తుండటంతో మధ్యతరగతి ఇళ్లవారు కూడా ముందుకు వస్తున్నారు. ఇరవై అయిదేళ్లు పనిచేస్తుందన్న మాట నమ్మి మిగతా సొమ్ము అప్పు చేసి పెడుతున్నారు. ఆ నమ్మకానికి ఆధారం ఎక్కడ, ఏ గాలిలో, ఏ ఎండలో కొలిచినదో తెలియాలంటే, హర్యానాలోని గ్వాల్ పహాడీలో ప్యానెళ్లను పరీక్షించే జాతీయ సౌరశక్తి సంస్థ కథ కోసం నాలుగు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

సూర్యరశ్మిని కరెంటుగా మార్చే సిలికాన్ సెల్ 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, 6 శాతం సామర్థ్యంతో, రూపుదిద్దుకుంది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఇంచుమించు ఆ రోజుల్లోనే సౌర కుక్కర్ మీద పనిచేసింది. అయితే ప్రభుత్వాలు ఈ శాస్త్రానికి ప్రత్యేకంగా సంస్థలు పెట్టింది 1973 చమురు సంక్షోభం తర్వాతనే. అమెరికాలో 1977లో, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో 1981లో సౌరశక్తి పరిశోధన సంస్థలు వెలిశాయి. మన దేశంలో 1981 మార్చిలో అదనపు ఇంధన వనరుల కమిషన్, 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం ఏర్పడ్డాయి. ఆ విభాగం కిందనే హర్యానాలోని గుర్గావ్ దగ్గర గ్వాల్ పహాడీలో సోలార్ ఎనర్జీ సెంటర్ పుట్టింది. విభాగం 1992లో మంత్రిత్వ శాఖ అయింది. 2006లో దానికి నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ అన్న పేరు వచ్చింది.

ఆ సెంటర్‌కు అప్పగించిన తొలి పని పెద్ద ఆవిష్కరణలు కాదు, పరీక్ష. ప్రభుత్వం ఒక సోలార్ లాంతరుకో, నీళ్లు కాచే హీటరుకో, పంపుసెట్టుకో రాయితీ ఇస్తున్నప్పుడు, ఆ వస్తువు చెప్పినంత పనిచేస్తుందని నిష్పక్షపాతంగా ధ్రువీకరించే చోటు ఒకటి ఉండాలి కదా. ఆ తొలినాళ్లలో కుక్కర్లు, హీటర్లు, ఆరబెట్టే యంత్రాల వంటి ఎండ వేడిని వాడుకునే పరికరాలకూ సమాన గౌరవం ఉండేది. ప్యానెళ్ల ధరలు పడిపోయాక దేశమంతటా దృష్టి కరెంటు వైపు మళ్లి, ఆ పరిశోధన వెనకబడింది. ఇసుక మీద ఎండుచేపలు ఆరబోసుకుని, మబ్బు పట్టగానే పరుగున ఎత్తుకునే మన తీరపు కుటుంబాలకు అది నిజమైన నష్టమని నేను అనుకుంటున్నాను.

2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలై, 2022 నాటికి 20,000 మెగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. 2015లో దాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. ఇంత పెద్ద కార్యక్రమానికి ప్రభుత్వ శాఖలో ఒక భాగంగా నడిచే సెంటర్ సరిపోదన్న ఆలోచనతో 2013 సెప్టెంబరులో దాన్ని స్వయంప్రతిపత్తి గల జాతీయ సౌరశక్తి సంస్థగా మార్చారు. దీనికి డైరెక్టర్ జనరల్ నాయకత్వం వహిస్తారు. మంత్రిత్వ శాఖ అండ, పర్యవేక్షణ కొనసాగుతున్నాయి. ప్యానెళ్లు, బ్యాటరీలు, ఇన్వర్టర్లు, పంపులు, దీపాలు పరీక్షించే ప్రయోగశాలలు, సౌర వేడి మీద పరిశోధన, ఎండ లభ్యత అంచనా, శిక్షణ దాని ప్రధాన విధులు. అంతర్జాతీయ సౌర కూటమి ప్రధాన కార్యాలయానికి 2016 జనవరిలో శంకుస్థాపన జరిగింది కూడా ఆ ఆవరణలోనే.

చీటీ మీద రాసిన వాట్లకు అర్థం ఈ ప్రయోగశాలల పద్ధతిలో ఉంది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగులో, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు వచ్చే కరెంటునే అక్కడ రాస్తారు. మే నెలలో మన డాబా మీద సెల్ 60 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి, ఆ ఒక్క కారణంతోనే పదో వంతుకు పైగా పోతుంది. మన్నిక తేల్చడానికి ప్యానెల్‌ను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లార్చి వేడిచేస్తారు, 2400 పాస్కల్స్ ఒత్తిడి పెట్టి చూస్తారు. ఉప్పు పొగమంచులో ఉంచే పరీక్షకు వేరే ప్రమాణమే ఉంది. ఇవన్నీ కఠినమైనవే, అవసరమైనవే. అయితే పరీక్షకు వెళ్లేది ప్యానెల్ మాత్రమే. మన డాబాకు దాన్ని పట్టి ఉంచే స్టాండు, బోల్టు, స్లాబులో దిగిన యాంకరు ఆ ధ్రువపత్రంలో లేవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో పలాస దగ్గర తీరం దాటిన రాత్రిని చూసినవారికి ఈ తేడా ఎంత పెద్దదో వివరించనక్కరలేదు.

ఈ లోటు సంస్థకు తెలియనిది కాదు. ఐఐటీ బొంబాయితో కలిసి 2013 నుంచి విడతలుగా అది దేశవ్యాప్త సర్వేలు చేసింది. దేశాన్ని వాతావరణ మండలాలుగా విడదీసి, ఎండలో ఏళ్ల తరబడి ఉన్న ప్యానెళ్లను అక్కడికే వెళ్లి కొలిచారు. వేడి ప్రాంతాల్లో క్షీణత ఎక్కువగా ఉందనీ, పెద్ద సోలార్ క్షేత్రాల కంటే ఇళ్ల మీది చిన్న యూనిట్లే త్వరగా దెబ్బతింటున్నాయనీ ఆ కొలతల్లో తేలింది. సరిగ్గా మనకు వస్తున్నవి ఆ చిన్న యూనిట్లే. రాష్ట్రంలోని పెద్ద సోలార్ పార్కులు ఓర్వకల్లు, గాలివీడు, ఎన్.పి. కుంటల్లో, పొడి గాలి వీచే రాయలసీమలో ఉన్నాయి. గ్వాల్ పహాడీది కూడా మన తీరపు గాలి కాదు.

సంస్థ వేసిన మరో అంచనా జిల్లాకు ఇంకా దగ్గరగా తగులుతుంది. దేశంలోని బీడు భూముల్లో 3 శాతం ప్యానెళ్లకు ఇస్తే 748 గిగావాట్ల (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) సౌర విద్యుత్ సాధ్యమని, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 38 గిగావాట్లకు పైగా ఉంటుందని అది లెక్కగట్టింది. లెక్కలో తప్పు లేదు. అయితే రికార్డులో బీడుగా రాసినదంతా బీడు కాదని శ్రీకాకుళం జిల్లా ప్రాణాలిచ్చి చెప్పింది. సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, నీరు, చేపలు, పశువుల మేత ఉన్నాయని జనం చెబుతుండగానే థర్మల్ కేంద్రానికి ఆ భూమి కేటాయించారు, 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అదే జరిగింది. సౌర విద్యుత్‌కు పొగ లేదు, బూడిద లేదు, కానీ భూమి కావాలి. అందుకే డాబాల మీది ప్యానెళ్లు ఈ జిల్లాకు అంత ముఖ్యం.

ప్యానెళ్లు బిగించే చేతుల కోసం 2015లో సూర్యమిత్ర శిక్షణ మొదలైంది. అది 600 గంటల ఉచిత కోర్సు, ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్లకు బాగా పనికొస్తుంది. తీరప్రాంతంలో ఏ బోల్టు వాడాలో, రాగి తీగను అల్యూమినియం ఫ్రేముకు నేరుగా కలిపితే ఉప్పు తేమలో ఆ ముడి దగ్గర లోహం ఎలా తినుకుపోతుందో వాళ్లకు ఇక్కడి డాబాల మీదే చూపించాలి.

సోంపేట, కవిటి వైపుగానీ, విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం వైపుగానీ ఒక ప్రభుత్వ కళాశాల ఆవరణలో రెండు వరుసల ప్యానెళ్లు, నాలుగు రకాల స్టాండ్లు పెట్టి, ఏటా దసరా ముందు, తుపాను కాలం ముగిశాక మరోసారి కొలిస్తే చాలు. అయిదేళ్లలో మన తీరానికి మన అంకెలు వస్తాయి. రాయితీ నిబంధనల్లో ప్యానెల్ ప్రమాణం పక్కనే స్టాండుకు, బోల్టుకు, ఎర్త్ ముడికి కూడా తీరప్రాంత ప్రమాణం రాయమని అడగడానికి అప్పుడు చేతిలో కాగితం ఉంటుంది.