విండో ఏ డెస్క్‌టాప్‌ది? అప్‌గ్రేడ్ తర్వాత తలెత్తే చిక్కు వెనుక చరిత్ర

కంప్యూటర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన తర్వాత వర్చువల్ డెస్క్‌టాప్‌లు, అంటే ఒకే తెరమీద మార్చి మార్చి చూసుకునే వేర్వేరు పని ప్రదేశాలు, వాడేవారికి కొన్ని ఇబ్బందులు తరచూ ఎదురవుతాయి. ఎప్పుడూ రెండో డెస్క్‌టాప్‌లో తెరుచుకునే మెయిల్ విండో మొదటిదానిలో ప్రత్యక్షమవుతుంది. ఒక లింకు నొక్కితే తెర మొత్తం వేరే డెస్క్‌టాప్‌కు మారిపోతుంది. అన్నిచోట్లా కనిపించాలని పెట్టుకున్న చిన్న విండో ఒక్కచోటే ఉండిపోతుంది. చూడగానే ఇవన్నీ సాఫ్ట్‌వేర్ లోపాలే అనిపిస్తాయి. నిజానికి వీటిలో చాలావాటికి మూలం ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరని ఒక ప్రశ్నలో ఉంది: ఒక విండో ఏ డెస్క్‌టాప్‌లో ఉండాలో నిర్ణయించే అధికారం అప్లికేషన్‌దా, విండోలను తెరమీద అమర్చే ప్రోగ్రామ్ అయిన విండో మేనేజర్‌దా, వాడే మనిషిదా?

ఈ ప్రశ్నను మొదట శ్రద్ధగా పట్టించుకున్నది జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన స్టువర్ట్ కార్డ్, ఆస్టిన్ హెండర్సన్. చిన్న తెర మీద విండోలు చోటు కోసం పోటీపడుతుంటే, మనిషి తన పని మానేసి వాటిని జరుపుకుంటూ కూర్చోవలసి వస్తుందని వారు 1986లో ప్రచురించిన పత్రంలో వివరించారు. మెమరీ చాలని కంప్యూటర్ పేజీలను డిస్కుకూ మెమరీకీ మధ్య మారుస్తూ కాలం వృథా చేయడంతో దీన్ని పోల్చారు. పరిష్కారంగా వారు నిర్మించిన రూమ్స్ వ్యవస్థలో ఒక్కో పనికి ఒక్కో గది ఉండేది. ఒకే విండోను రెండు గదుల్లో, రెండు వేర్వేరు స్థానాల్లో, పరిమాణాల్లో ఉంచే వీలుండేది. ప్రతి గదిలోనూ వెంట రావలసిన విండోలకు అందులోనే విడిగా ఏర్పాటు ఉంది. విండో వేరు, దాని స్థానం వేరు అన్న ఆ స్పష్టత తర్వాత వచ్చిన వ్యవస్థల్లో చాలావాటికి లేకపోవడం విచారకరం.

యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల ప్రపంచంలో తెరమీద విండోలను చూపే ఎక్స్ విండో సిస్టమ్ (క్లుప్తంగా ఎక్స్) మరో దారి పట్టింది. పనిముట్లను మాత్రమే ఇచ్చి, విధానాన్ని నిర్ణయించే బాధ్యతను విండో మేనేజర్లకు వదిలేయడం దాని సూత్రం. 1990లో టామ్ లాస్ట్రేంజ్ పరిచయం చేసిన ఎస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌లో తెరకన్నా పెద్దదైన వర్చువల్ డెస్క్‌టాప్, ఎటు జరిగినా కదలకుండా అంటిపెట్టుకుని ఉండే విండోలు, విండోల కొలతలనూ స్థానాలనూ దాచుకునే ఏర్పాటు, మూడూ ఉన్నాయి. తర్వాత ఎఫ్‌వీడబ్ల్యూఎం వంటి విండో మేనేజర్లు ఈ సౌకర్యాన్ని చాలామందికి చేరువ చేశాయి. అయితే ఒక్కో విండో మేనేజర్ డెస్క్‌టాప్ సమాచారాన్ని తనదైన పద్ధతిలో రాసుకునేది. దాన్ని మార్చితే పాత అమరిక కొత్తదానికి అర్థమయ్యేది కాదు.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి 2000 ప్రాంతంలో లినక్స్‌లో ఎక్కువగా వాడే రెండు డెస్క్‌టాప్ వ్యవస్థలు కేడీఈ, గ్నోమ్‌లను తయారుచేసే వర్గాలు కలిసి ఒక ఉమ్మడి ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం ప్రతి విండోకూ డెస్క్‌టాప్ సంఖ్య ఒక గుణంగా అంటుకుని ఉంటుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది, అన్ని డెస్క్‌టాప్‌లలోనూ కనిపించాలంటే ఒక ప్రత్యేక విలువ రాస్తారు. డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ వంటి చిన్న పనిముట్లతో ఎవరైనా ఆ సంఖ్యను చదివి, మార్చమని కోరవచ్చు. అలా ఎంతోమంది కంప్యూటర్ తెరవగానే విండోలు తమ తమ చోట్లకు చేరేలా చిన్న స్క్రిప్టులు రాసుకుని ఏళ్ల తరబడి వాటిమీద ఆధారపడ్డారు.

ఆ ఒప్పందం ఒక విషయాన్ని మాత్రం విండో మేనేజర్ ఇష్టానికి వదిలేసింది. వేరే డెస్క్‌టాప్‌లో ఉన్న విండో తనను ముందుకు తెమ్మని అడిగితే ఏం చేయాలి? అక్కడికి మనల్ని తీసుకెళ్లాలా, దాన్ని మన దగ్గరికి తేవాలా, లేక టాస్క్‌బార్‌లో గుర్తు చూపి ఊరుకోవాలా? మూడూ న్యాయమైన సమాధానాలే కాబట్టి మూడూ అమలులో ఉన్నాయి. లింకు నొక్కగానే తెర మారిపోవడం వెనుక తరచూ ఉండేది ఈ ఎంపికే. కేడీఈలో ఇది నేరుగా ఒక సెట్టింగ్‌గా కనిపిస్తుంది. అప్‌గ్రేడ్‌లో ఆ విలువ మొదటి స్థితికి వెళ్లిపోతే ప్రవర్తన మొత్తం మారినట్టు తోస్తుంది.

ఆపిల్ 2007 అక్టోబరులో మాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ లెపర్డ్‌తో స్పేసెస్ అనే పేరుతో వర్చువల్ డెస్క్‌టాప్‌లను ప్రవేశపెట్టింది. అడ్డంగా నిలువుగా గడులు పేర్చుకునే వీలు అందులో ఉండేది. 2011లో లయన్ వెర్షన్ వచ్చేసరికి గడులు పోయి ఒకే వరుస మిగిలింది, పూర్తి తెర అప్లికేషన్‌కు సొంత స్పేస్ వచ్చింది. ఇటీవలి వాడకాన్ని బట్టి స్పేస్‌ల క్రమాన్ని దానంతటదే మార్చే సెట్టింగ్ కూడా ఉంది. మూడోది ఎక్కడుందో చేతికి అలవాటైన మనిషికి ఇంతకన్నా చికాకు కలిగించే సౌకర్యం లేదని నా అభిప్రాయం. 2013లో మావెరిక్స్ వెర్షన్ ఒక్కో మానిటర్‌కు విడి స్పేస్‌లు ఇచ్చింది. ఆ సెట్టింగ్ ఉన్నంతవరకు ఒక విండో రెండు మానిటర్ల మీదుగా పరుచుకుని కనిపించదు.

విండోస్‌లో ఎక్స్‌పీ కాలంలో పవర్‌టాయ్ (మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చే చిన్న అదనపు ప్రోగ్రామ్) ఒకటి నాలుగు డెస్క్‌టాప్‌లు ఇచ్చేది. వ్యవస్థలో భాగంగా ఈ సౌకర్యం అందరికీ అందింది 2015 జూలైలో విండోస్ 10తోనే. మైక్రోసాఫ్ట్ బయటి ప్రోగ్రామర్లకు అధికారికంగా ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌లో, అంటే ప్రోగ్రామ్‌లు వ్యవస్థను పని అడిగే మార్గంలో, ఉన్నవి మూడే పనులు: విండో ప్రస్తుత డెస్క్‌టాప్‌లో ఉందా అని అడగడం, దాని డెస్క్‌టాప్ గుర్తింపు తెలుసుకోవడం, విండోను మరో డెస్క్‌టాప్‌కు పంపడం. ఒక ప్రోగ్రామ్ పంపగలిగేది కూడా తన సొంత విండోలనే. అంతకుమించి చేయాలనుకున్న సహాయక ప్రోగ్రామ్‌లు వ్యవస్థ లోపలి ఇంటర్‌ఫేస్‌లను వాడుకున్నాయి. పత్రాల్లో ఎక్కని ఆ ఇంటర్‌ఫేస్‌ల గుర్తింపులు పెద్ద అప్‌డేట్లలో మారుతూ వచ్చాయి. అందుకే నిన్నటిదాకా విండోలను చక్కగా సర్దిన ప్రోగ్రామ్ అప్‌డేట్ అయిన వెంటనే మూగబోతుంది. అటువంటప్పుడు విండోస్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడం వల్ల ఉపయోగం లేదు, ఆ ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడాలి.

లినక్స్‌లో ఇప్పటి ఫిర్యాదులకు అతిపెద్ద కారణం ఎక్స్ స్థానంలోకి వస్తున్న వేలాండ్‌కు మారడం. 2008లో మొదలైన ఈ ప్రాజెక్టు లినక్స్ రకాలైన ఫెడోరాలో 2016లో, ఉబుంటులో స్థిరంగా 2021లో, కేడీఈ ప్లాస్మాలో 2024 ఫిబ్రవరిలో మొదటి ఎంపిక అయింది. కాబట్టి అప్‌గ్రేడ్ చేసిన వ్యక్తి తనకు తెలియకుండానే ఎక్స్ నుంచి వేలాండ్‌కు చేరి ఉండవచ్చు. వేలాండ్‌లో మామూలు అప్లికేషన్ తన విండో తెరమీద ఎక్కడుండాలో చెప్పే వీలు లేదు, ఇతరుల విండోలను చూసే, కదిపే వీలూ లేదు. ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ మీద నిఘా పెట్టకుండా ఉండాలంటే ఈ కట్టడి అవసరమే, దాన్ని తప్పుపట్టలేం. కానీ డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ మీద ఆధారపడిన స్క్రిప్టులకు వేలాండ్ విండోల మీద పట్టు దానితోపాటే పోయింది. మరీ తికమక పెట్టేదేమిటంటే, పాత పద్ధతిలోనే నడిచే అప్లికేషన్లు, ఎక్స్ అప్లికేషన్లను వేలాండ్‌లో నడిపే ఎక్స్‌వేలాండ్ ద్వారా ఇంకా ఆ స్క్రిప్టులకు కనిపిస్తాయి. సగం విండోలు మాట విని, సగం వినకపోతే కారణం ఇదేనని అనుమానించవచ్చు.

విండో నియమాలు పనిచేయకపోవడానికి మరో కారణం కూడా ఇక్కడే ఉంది. ఫలానా అప్లికేషన్‌ను మూడో డెస్క్‌టాప్‌లో తెరవమని కేడీఈలో రాసిన నియమం ఆ అప్లికేషన్‌ను, ఎక్స్‌లో అది తన విండోకు పెట్టుకునే క్లాస్ పేరుతో గుర్తిస్తుంది. వేలాండ్‌లో ఆ స్థానంలోకి యాప్ ఐడీ వస్తుంది, అది పాత పేరులా ఉండాలన్న హామీ లేదు. నియమం చెక్కుచెదరకుండా ఉన్నా, అది వెతికే పేరుతో ఏ విండో ఉండదు. దాన్ని తొలగించి మొత్తం మళ్లీ రాయనక్కరలేదు, విండోను తెరిచి దాని ప్రస్తుత గుర్తింపును నియమంలో నింపితే చాలు.

కొత్త కంప్యూటర్‌తోపాటు రెండో మానిటర్ చేరినప్పుడు మరో అపోహ కలుగుతుంది. గ్నోమ్‌లో వర్క్‌స్పేస్‌లు (అక్కడ వర్చువల్ డెస్క్‌టాప్‌ల పేరు) సాధారణంగా ప్రధాన మానిటర్‌కే పరిమితం. వర్క్‌స్పేస్ మార్చినా రెండో తెర మీది విండోలు కదలవు. అవి ఇరుక్కుపోయాయనుకుని అప్లికేషన్ సెట్టింగులు వెతికేవారికి అక్కడ ఏమీ దొరకదు, మార్చవలసింది మల్టీటాస్కింగ్ సెట్టింగులలో ఉంది. పైగా 2011 నుంచి గ్నోమ్ వర్క్‌స్పేస్‌ల సంఖ్యను అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, 2021లో నిలువు వరుసను అడ్డ వరుసగా మార్చింది. సంఖ్య స్థిరంగా లేని చోట ‘నాలుగో డెస్క్‌టాప్’ అన్న పాత అమరికకు అర్థం మిగలదు.

వేలాండ్‌లో వర్క్‌స్పేస్‌ల జాబితాను టాస్క్‌బార్ వంటి ప్యానెళ్లకు చూపి, ఒకదాని నుంచి మరొకదానికి మారమని కోరే వీలు కల్పించే ఉమ్మడి ప్రోటోకాల్ (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే నియమావళి) ఇటీవల చేరింది. అయితే ఒక విండోను ఫలానా వర్క్‌స్పేస్‌కు పంపమని అడిగే వీలు అందులో లేదు. అప్లికేషన్ మూసి తెరిచినప్పుడు దాని విండోలను పూర్వస్థానాలకు చేర్చే సెషన్ నిర్వహణ విడి ప్రోటోకాల్ పని. అప్లికేషన్లు, డెస్క్‌టాప్‌లు రెండూ దాన్ని అమలు చేసేదాకా, లినక్స్‌లో విండో చోటును గుర్తుంచుకునే భారం ఆయా డెస్క్‌టాప్‌ల సొంత నియమాల మీదే ఉంటుంది.